ప్రాగు నగరపు అంగళ్లలో

దూరప్రయాణము చేసి వచ్చినవారి మూటలో ఏమున్నదో చూడవలెనను కుతూహలము మన ఇండ్లలో పిన్నలకే గాక పెద్దలకును గలదు. కాశీయాత్ర ముగించినవారు గంగచెంబులను, తిరుపతి వెళ్లివచ్చినవారు ప్రసాదమును ఇరుగుపొరుగులకు పంచుట మన ఆచారము. కృష్ణాతీరమునకు పోయినవారు కొండపల్లి బొమ్మను, విశాఖ వైపు పోయినవారు ఏటికొప్పాక లక్కపిడతలను పిల్లలకు తెత్తురు. ఆ వస్తువుల వెల స్వల్పము. అవి ఆ ఊరి కొయ్యతో, ఆ ఊరివారి చేతిలో తయారైనవను నమ్మకమే వాని విలువ. ఆ నమ్మకము వమ్మైనచో వస్తువు అల్మరాలో నిలుచును గాని, అది చెప్పవలసిన కథ నిలువదు.

ఈ మాటను పరీక్షించి చూచుటకు ఐరోపా రాజధానులలో ప్రాగు నగరమునకంటె తగిన చోటు అరుదు. చెక్ గణతంత్రమునకు రాజధానియైన ఈ నగరము వల్టావా నదికి ఇరుదరుల వ్యాపించి యున్నది. నాలుగవ చార్లెస్ చక్రవర్తి 1357లో శంకుస్థాపన చేసిన రాతివంతెన నేటికిని నిలిచి, ఇరువైపుల ముప్పది శిల్పములతో కనులపండువు చేయుచున్నది. పాత పట్టణపు నడిబజారున 1410 నాటి ఖగోళ గడియారము కలదు. ఆ గడియారము నుండి వంతెనకు, వంతెన నుండి కొండమీది కోటకు పోవు దారి పొడవునను అంగళ్లే అంగళ్లు.

ఆ అంగళ్ల అద్దాల వెనుక మొట్టమొదట కంటబడు వస్తువు చాలమారులు ఒక కొయ్యబొమ్మ. బొమ్మలో బొమ్మ, అందులో మరియొక బొమ్మ అమరియుండు మాత్ర్యోష్కా అది. చూడ ముచ్చటైనదే. కాని అది 1890 ప్రాంతమున మాస్కో సమీపమున పుట్టిన రష్యా బొమ్మ. ప్రాగునకు దానికి పుట్టుకతో ఎట్టి సంబంధమును లేదు. ప్రక్క దుకాణమున కడ్డీకి పిండి చుట్టి, నిప్పులపై కాల్చి, చక్కెరలో దొర్లించిన త్ర్దెల్నీక్ అను తీపిరొట్టెను ప్రాచీన బొహీమియా వంటకమని పేరు పెట్టి అమ్ముచుందురు. దానికి పేరుగన్న ఊరు పొరుగున స్లొవేకియాలోని స్కాలిత్స పట్టణము. కొత్తగా వచ్చిన యాత్రికుడు ఈ రెంటిని కొని, ప్రాగు సారమును మూటగట్టితినని సంతోషించును. అసలు సారము రెండు సందుల అవతల, జనసమ్మర్దము తగ్గినచోట, వానికొరకు వేచియుండును. అది ఏమో తెలిసికొనుటకు కండ్లు మాత్రమే చాలవు. కొంత చరిత్ర కూడ తెలియవలెను.

అడవి కన్న గాజు

బొహీమియా అనగా చెక్ దేశపు పడమటి భాగము. ఆ సీమ గాజునకు తల్లి అడవి. గాజును కరగించు కొలిమికి కట్టెలు కావలెను. ఇసుక త్వరగా కరగుటకు క్షారము కావలెను; అది కట్టెల బూడిద నుండి లభించును. ఆ రెండును సరిహద్దు కొండల అడవులలో పుష్కలముగా నుండెను. స్ఫటికశిలలును ఆ కొండలలోనే దొరకెను. కావున కొలుములు పట్టణములలో గాక అడవుల నడుమ వెలసినవి.

రెండవ రుడాల్ఫ్ చక్రవర్తి 1583లో తన రాజసభను ప్రాగునకు తరలించెను. అతడు రత్నములన్నను, రసవాదమన్నను, జ్యోతిశ్శాస్త్రమన్నను ప్రాణము విడుచువాడు. అతని కొలువున కాస్పర్ లేమన్ అను రత్నశిల్పి యుండెను. రత్నములను చెక్కు తిరుగుడుచక్రముతో గాజుపై ఏల చిత్రములు చెక్కరాదని అతనికి తోచెను. ఆ విద్యకు చక్రవర్తి 1609లో అతనికి ప్రత్యేకాధికారమును ప్రసాదించెను. పదునేడవ శతాబ్ది చివరి పాదమున బూడిద క్షారముతోపాటు సుద్దను కూడ చేర్చి, మందమై, నిర్మలమై, లోతుగా కోయుటకు అనువైన గాజును బొహీమియావారు సాధించిరి. అంతవరకు ఐరోపాకు గాజన్న వెనీసే. ఆ నగరపు గాజు పలుచన. ఊది సాగదీయుటకు అనుకూలము. బొహీమియా గాజు గట్టిది, చెక్కుటకు అనుకూలము. రుచి మారినది, సంత మారినది, వెనీసు ప్రాభవము తగ్గినది.

ఉపాధ్యాయులు ప్రత్యేకముగా గమనింపదగిన విషయము మరియొకటి కలదు. ఈ విద్య తండ్రి నుండి కొడుకునకు సంక్రమించుటతో ఆగిపోలేదు, బడికి ఎక్కినది. కామెనిట్స్కీ షెనోవ్ అను చిన్న పట్టణమున 1856లోనే గాజు పాఠశాల స్థాపింపబడెను. పిదప 1870లో నోవీ బోర్ నందును, 1920లో ఝెలెజ్నీ బ్రోద్ నందును ఇట్టివే వెలసినవి. చిత్రలేఖనము, రసాయనశాస్త్రము, కొలిమిపని ఒక్క కప్పు క్రింద నేర్పు బడులవి. ఒక చేతిపని శతాబ్దములు బ్రతుకుటకు రాజుల మెప్పు చాలదు, పాఠశాల కావలెనని ఆ కొండ పట్టణములు ఋజువు చేసినవి.

ఐనను ఆ విద్య గండములు లేక గడవలేదు. సరిహద్దు కొండలలోని గాజుపనివారిలో పెక్కుమంది జర్మను భాష మాటలాడువారు. రెండవ ప్రపంచయుద్ధానంతరము 1945, 1946 సంవత్సరములలో వారిని దేశమునుండి వెడలగొట్టిరి. తరతరాల నేర్పు వారి వ్రేళ్లతోపాటే సరిహద్దు దాటిపోయినది. వారిలో కొందరు బవేరియాలో కొత్త ఊరు కట్టుకొని, పాత ఊరిపేరే దానికి పెట్టుకొనిరి. 1948 తరువాత కర్మాగారములు ప్రభుత్వపరమైనవి. 1989 తరువాత మరల చేతులు మారినవి. 2008 నాటి ఆర్థికమాంద్యములో పెద్ద కర్మాగారములు కొన్ని దివాలా తీయగా వేలకొలది పనివారు వీథిని పడిరి. ఇన్నిటిని దాటి నిలిచిన చేతిగాజు పనిని 2023లో యునెస్కో సంస్థ మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చెను. చెక్ దేశముతో పాటు ఫిన్‌లాండు, ఫ్రాన్సు, జర్మనీ, హంగరీ, స్పెయిను దేశములకు కూడ ఆ గౌరవములో భాగము కలదు.

అంగడిలో గాజుపాత్రను చేత బట్టినపుడు ఈ చరిత్ర అక్కరకు వచ్చును. అచ్చులో పోసి ఒత్తిన పాత్రపై అచ్చు అతుకుల గీత సన్నగా కనబడును. దాని నగిషీ అంచులు మొద్దుబారి యుండును. చేతితో కోసిన పాత్ర అంచులు వ్రేలికి పదునుగా తగులును. సీసము కలిపిన గాజు బరువైనది. మీటినచో చాలసేపు మ్రోగును. నూటికి ఇరువదినాలుగు పాళ్లకు తక్కువ కాకుండ సీసపు భస్మమున్నదే సీసపు స్ఫటికమని ఐరోపాలో నియమము. కాని బొహీమియా ఘనత సీసముతో పుట్టినది కాదు. కార్లొవీ వారీ పట్టణమున 1857లో నెలకొన్న మోసర్ వారి సుప్రసిద్ధమైన గాజు సీసము లేనిదే. కావున బరువును మాత్రమే చూచి మేలిమిని నిర్ణయించుట పొరపాటు.

ముంజేతి గాజుల కథ

గాజు అనగానే మన తెలుగు చెవికి తోచునది పాత్ర కాదు, ముంజేతి గాజు. ఆ మాటకును ఈ దేశమునకును నిజమైన సంబంధమొకటి కలదు. బొహీమియా ఉత్తరపు కొండలలో యాబ్లొనెట్స్ అను పట్టణము పూసలకు, బొత్తములకు, గాజు నగలకు ప్రసిద్ధికెక్కినది. పంతొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధము నుండి ఆ ప్రాంతపు పనివారు హిందూదేశమునకు గాజులు చేసి పంపిరి. హిందూదేశమును కలలోనైన చూడని కొండపల్లెల కుటుంబములు, వేల మైళ్ల దూరమున పెండ్లిపందిళ్లలో గలగలలాడవలసిన గాజులను మంచు కురియు రాత్రులలో కరగించి వంచుచుండిరి.

1905 తరువాత స్వదేశీ ఉద్యమము సాగినపుడు విదేశీ వస్త్రములతోపాటు విదేశీ గాజులును నిరసనకు గురియైనవి. 1914లో మొదటి ప్రపంచయుద్ధము రాగానే ఓడల రాకపోకలు స్తంభించినవి. ఫిరోజాబాదు గాజుల పరిశ్రమ పుంజుకొనినది ఆ దినములలోనే. మనకది స్వావలంబనము, యాబ్లొనెట్సువారికి కూటికి కరవు. చరిత్రలో ఒకరి మేలు మరియొకరి కీడుతో ముడివడి యుండుట తరచుగా చూచుచుందుము. నేటికిని యాబ్లొనెట్స్ నగరమున గాజునగల ప్రదర్శనశాల కలదు. ప్రాగు అంగళ్లలో ఆ ప్రాంతపు పూసలదండలు దొరకును. సమీపమున పొనిక్లా అను పల్లెలో ఊదిన గాజుపూసలను తీగకు గ్రుచ్చి క్రిస్మసు చెట్టునకు అలంకారములు చేయుదురు. 2020లో ఆ పనికిని యునెస్కో పట్టికలో స్థానము లభించెను. తేలికైనవి, చౌకైనవి, మూటలో చోటడుగనివి. మితముగా వెచ్చించు యాత్రికునకు ఇంతకంటె మేలైన కొనుగోలు అరుదు.

నిప్పుకన్నుల రాయి

నగల దుకాణములలో దానిమ్మగింజలవంటి ఎఱ్ఱరాళ్లు కుప్పగా పొదిగిన పతకములు, దుద్దులు కనబడును. అవి గార్నెట్టు రాళ్లు. మన నవరత్నములలోని గోమేధికమును ఆ జాతిలోనిదే. బొహీమియాలో లభించునది పైరోపు అను రకము. నిప్పుకన్ను కలదని దాని గ్రీకుపేరునకు అర్థము. దాని రక్తవర్ణమునకు ముఖ్యకారణము క్రోమియము. ఆ రాళ్లు సహజముగా చిన్నవి. ఎక్కువభాగము కొన్ని మిల్లీమీటర్లకు మించవు. కావుననే అక్కడి కంసాలులు అనేక చిన్నరాళ్లను సందులేకుండ దగ్గరదగ్గరగా పొదుగు విధానమును అలవరచుకొనిరి. లోపమునే అందముగా మార్చిన నేర్పు అది.

ఈ పనికి కేంద్రము టుర్నోవ్ పట్టణము. అక్కడ రత్నశిల్ప పాఠశాల 1884లో ఏర్పడెను. 1953 నుండి అచ్చట పనివారి సహకార సంఘమొకటి గార్నెట్టు నగలను తయారుచేయుచు, తన వస్తువులపై ముద్ర వేసి, నగతో పాటు ధ్రువపత్రమును ఇచ్చుచున్నది. ఆ పత్రము అనవసరపు ఆడంబరము కాదు. ఏలయన, ఇతర దేశముల నుండి చౌకగా వచ్చిన వేరుజాతి గార్నెట్లను, ఒక్కొక్కచోట రంగుగాజును, చెక్ గార్నెట్టు అను పేర అమ్మిన దుకాణములు ప్రాగులో ఉండుట అనేకమారులు బయటపడినది. రాయి పెద్దది, వెల చిన్నది, రంగులో ఊదాచాయ ఉన్నది అనినచో శంకింపవలసినదే. ముద్ర ఎక్కడ? పత్రము ఎక్కడ? అని అడుగవలెను. నిజమైన వర్తకుడు ఆ ప్రశ్నకు నొచ్చుకొనడు, సంతోషించును.

కొయ్యనోట మాతృభాష

పాతపట్టణపు సందులలో నడచునపుడు గుమ్మములకు వ్రేలాడు కొయ్యబొమ్మలు గాలికి కాళ్లు కదల్చి బాటసారిని పిలుచును. రాజు, మంత్రగత్తె, దయ్యము, నీటిభూతము, విదూషకుడు అందరు నుందురు. చెక్ జాతికి తీగబొమ్మలాట వినోదము మాత్రమే కాదు. పద్దెనిమిదవ, పంతొమ్మిదవ శతాబ్దములలో పట్టణములయందు, కచ్చేరులయందు జర్మనుభాష రాజ్యమేలుచుండగా, బండిమీద బొమ్మలు పెట్టుకొని పల్లెపల్లెకు తిరిగిన ఆటగాండ్రు చెక్ భాషలోనే ఆడిరి. వారిలో మత్యేయ్ కొపెట్స్కీ పేరు నేటికిని ఆబాలగోపాలము ఎరుగుదురు. అతడు 1775లో పుట్టి 1847లో కాలధర్మము చెందెను. పండితులు నిఘంటువులు వ్రాసి భాషను నిలుపుచుండగా, ఇతనివంటివారు కొయ్యనోట పలికించి నిలిపిరి.

వారి బొమ్మలలో కష్పారెక్ అను విదూషకుడు కలడు. రాజును ఎగతాళి చేయును, దయ్యమును మోసగించును, ప్రేక్షకులతో నేరుగా ముచ్చటించును. మన తోలుబొమ్మలాట చూచినవారికి ఇతనిని చూడగానే కేతిగాడు జ్ఞప్తికి రాకమానడు. తోలు వేరు, కొయ్య వేరు. తెరచాటు నీడ వేరు, తీగెకు వ్రేలాడు దేహము వేరు. కాని పెద్దలను వెక్కిరించి పేదలను నవ్వించు ఆ గడుసుతనము రెండుచోట్లను ఒక్కటే.

ఇరువదవ శతాబ్దమున యోసెఫ్ స్కుపా అను కళాకారుడు ష్పైబ్ల్ అను తండ్రిబొమ్మను 1920లో సృష్టించెను. హుర్వీనెక్ అను చురుకైన కొడుకుబొమ్మ 1926లో అతనికి తోడయ్యెను. నాజీల ఆక్రమణకాలమున, 1944లో, స్కుపాను చెరపట్టి డ్రెస్డెన్ కారాగారమున ఉంచిరి. 1945 ఫిబ్రవరిలో ఆ నగరముపై బాంబులు పడినపుడు అతడు తప్పించుకొనెను. అతని నాటకశాల ప్రాగులో నేటికిని నడచుచున్నది. అంతర్జాతీయ బొమ్మలాట సంఘము 1929లో స్థాపింపబడినదియు ఈ నగరముననే. 1952లో ప్రాగు కళాపరిషత్తు ఈ విద్యకు ప్రత్యేకశాఖను తెరచెను. 2016లో చెక్, స్లొవేకియా దేశముల బొమ్మలాటను యునెస్కో గౌరవించినది.

అంగడిలో కనబడు బొమ్మలన్నియు ఈ వంశములోనివి కావు. ప్లాస్టరు పోసి వందలకొలది తీసిన తలలు అనేకము. చేతి బొమ్మను లిండెను కొయ్యతో చెక్కుదురు. అది మెత్తనిది, చెక్ జాతికి పవిత్రమైన చెట్టు. చెక్కినదానిపై ఉలిగాటు కనబడును. రెండు ముఖములు సరిగా ఒక్కటిగా ఉండవు. ప్రాచీనపద్ధతి బొమ్మకు తలమధ్యనుండి గట్టి లోహపుతీగ ఉండును. దారములు చేతులకును కాళ్లకును కట్టుదురు. వెలలో భేదము చాల. కాని ఒకటి గోడకు వ్రేలాడును, రెండవది నడచును.

నీలిబట్టకు పుట్టినిల్లు

గోడ అల్మరాలలో మడతపెట్టిన ముదురునీలి బట్టలపై తెల్లని పూలు, తీగెలు, చుక్కలు చూచి తెలుగువాడు ఒక్కక్షణము ఆగిపోవును. ఎక్కడనో చూచినట్లుండును. ఆ అనుమానము నిరాధారమైనది కాదు. చెక్ భాషలో దీనిని మొద్రోతిస్క్ అందురు. నీలి అద్దకమని అర్థము. పదునేడవ శతాబ్దమున ఐరోపా వర్తకులు కోరమండల్ తీరమునకు ఓడలు నడపినది మన అద్దకపు బట్టలకొరకే. ఆంగ్లేయులు మచిలీపట్నమున వర్తకస్థానమును 1611లో నెలకొల్పిరి. ఉతికినను రంగు వదలని ఆ బట్టలు ఐరోపాలో వెఱ్ఱివ్యామోహము పుట్టించినవి. వానిని చూచి అనుకరింపబోయిన ప్రయత్నములనుండియే అచ్చటి అద్దకపు పరిశ్రమ పెంపొందినది. పద్దెనిమిదవ శతాబ్దమున నీలి అద్దకము చెక్ సీమలలో వేరూనినది.

దాని విధానము విద్యార్థులు రసాయనశాస్త్రపు పాఠముగా చదువదగినది. కొయ్య అచ్చుతో బట్టపై రంగు అద్దరు. రంగును అడ్డుకొను బంకమన్నుతో చేసిన ముద్దను అద్దుదురు. అది ఆరిన పిమ్మట బట్టను నీలిమందు తొట్టిలో ముంచుదురు. తొట్టినుండి పైకి తీయగానే బట్ట నీలముగా నుండదు. పసుపుపచ్చలు కలిసిన వన్నెలో నుండును. గాలిలోని ప్రాణవాయువు తగిలినకొలది చూచుచుండగనే నీలిరంగు పొడచూపును. కావలసిన ముదురు వన్నె వచ్చువరకు మరల మరల ముంచి, చివరకు బంకను కడిగివేయగా అచ్చు పడినంత మేర తెల్లగా మిగులును. మచిలీపట్నపు కలంకారీలో కరక్కాయ, పటిక, చిరివేరు చేయు పని వేరు. కాని కొయ్య అచ్చు, నీలిమందు, ఓర్పు రెండిటికిని ఉమ్మడి.

ఒకప్పుడు ఊరూర నున్న ఈ అద్దకపుశాలలు చెక్ దేశమున నేడు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని. మొరావియాలోని స్ట్రాజ్నిత్సె, ఓలెష్నిత్సె పట్టణములలోని కుటుంబములు ఈ పనిని తరతరములుగా కాపాడుకొనుచు వచ్చినవి. 2018లో ఐదు దేశముల నీలి అద్దకమును యునెస్కో పట్టికలో చేర్చిరి. ప్రాగులో ఒక చేతిరుమాలు కొనినను ఆ తొట్టి మరియొకదినము ఎండిపోకుండ నిలుచును. యంత్రముపై అచ్చువేసిన నకిలీబట్టను కనిపెట్టుట సులభము: అద్దకపు బట్టలో అచ్చునకు అచ్చునకు నడుమ ఒకింత ఎగుడుదిగుడు ఉండును. మన పెడన అద్దకపు బట్టను ఎరిగినవారికి ఈ గుర్తు చెప్పనక్కరలేదు.

గ్రుడ్డుపై మైనపు గీత

వసంతమున ఈస్టరు పండుగ వచ్చినపుడు పాతపట్టణపు నడిబజారు సంతగా మారును. అప్పుడు రంగు గ్రుడ్లు విరివిగా కనబడును. వీనిని క్రాస్లిత్సె అందురు. ఖాళీచేసిన గ్రుడ్డుపై కరగిన మైనముతో గీతలు గీసి, రంగులో ముంచి, మైనమును కరగించి తుడిచివేయుట ఒక పద్ధతి. రంగువేసిన పెంకును సూదిమొనతో గీరి చిత్రము తీయుట మరియొకటి. చీల్చిన గడ్డిపోచలను అతికించుట వేరొకటి. సీమసీమకు ఒక తీరు. వాని ప్రక్కనే అల్లిన విల్లో బరికెలు అమ్ముదురు. పండుగ సోమవారమునాడు మగపిల్లలు వానితో ఆడపిల్లలను మెల్లగా తట్టి, బదులుగా రంగుగ్రుడ్డు పుచ్చుకొందురు. ఈ వేడుక తెలియని పరదేశి బరికెను బుట్ట అల్లిక అనుకొని కొనిపోవును. వస్తువు పోయినను దాని వాడుక అక్కడనే మిగిలిపోవును.

చేతిపనుల పెద్దలను గుర్తించుటకు చెక్ సాంస్కృతిక మంత్రిత్వశాఖ 2001 నుండి ఒక బిరుదమును ఇచ్చుచున్నది. జానపద చేతిపనుల సంప్రదాయధారి యని దాని అర్థము. అంతరించిపోవుచున్న పనిని సంపూర్ణముగా ఎరిగి, ఇతరులకు నేర్పుటకు సంసిద్ధులైనవారికే అది లభించును. తాను చేయగలుగుటతో చాలదు, మరియొకరిచేత చేయింపగలుగవలెననుట ఉపాధ్యాయ వృత్తిలోనివారికి ఇంపైన నియమము.

కొనువాని ధర్మము

బేరములో అమ్మువాని ధర్మమును గూర్చి అందరును మాటలాడుదురు. కొనువాని ధర్మము కూడ కలదు. పాతపట్టణమున హావెల్ బజారు అను సంత పదమూడవ శతాబ్దినుండి సాగుచున్నది. కూరగాయలు, పండ్లు, తేనె నడుమ కొయ్యబొమ్మలును అచ్చట కలవు. శతాబ్దముల సంతలో కూడ నిన్న ఓడదిగిన చౌకసరకు చేరినది. సంత పాతదైనంతమాత్రమున సరకు దేశీయము కాదు. ఎవరు చేసిరి, ఎక్కడ చేసిరి, దేనితో చేసిరి అను మూడు ప్రశ్నలు మర్యాదగా అడుగవలెను. మూడింటికిని జవాబు వచ్చినచోట వెల కొంచెము హెచ్చినను కొనవచ్చును. జవాబునకు బదులు రాయితీ వచ్చినచోట వెనుదిరుగుట మేలు.

ఆ దేశము 2004 నుండి ఐరోపా సమాఖ్యలో చేరియున్నను అచ్చటి నాణెము కొరునాయే. డబ్బు మార్చుకొనుచోట తొందరపడరాదు. చేతికి వచ్చు మొత్తము ముందుగా అడిగి తెలిసికొనవలెను. అంగడిలో ఐదుమాత్ర్యోష్కాలు కొనగల సొమ్ముతో ఒక నీలి చేతిరుమాలును, ఒక పూసలదండను కొనవచ్చును. మొదటిదానివలన ఇంటికి బొమ్మలు వచ్చును. రెండవదానివలన ఒక తొట్టి, ఒక కొలిమి బ్రతుకును.

ఇదంతయు పరదేశపు ముచ్చట యని తీసివేయుటకు వీలులేదు. మన తీర్థములలో, మన విమానాశ్రయములలో, మన ఊరి తిరునాళ్లలో అమ్ముడుపోవుచున్న బొమ్మలలో పొనికికొయ్య ఎంత, ప్లాస్టిక్కు ఎంత యని ఒక్కమారు తరచి చూచినచో ప్రాగు సందు మన గుమ్మము ముందే కనబడును. అచ్చట మోసపోయినవాడు పరదేశి. ఇచ్చట మోసపోవువారము మనమే.

పెన్సిలు

చివరకు ఒక చిన్న వస్తువు. ప్రాగు కాగితపు దుకాణములలో పసుపుపచ్చని పెన్సిలు ఒకటి దొరకును. దానిపై బంగారువన్నె అక్షరములతో కోహినూరు అని ఉండును. యోసెఫ్ హార్ట్‌మూత్ అను అతడు 1790లో వియన్నాలో నెలకొల్పిన పరిశ్రమ అది. గ్రాఫైటులో బంకమన్ను పాలు మార్చి కాల్చి గట్టివి, మెత్తనివి పెన్సిళ్లు చేయు విధానముతో పేరుగన్నది. 1848లో ఆ కర్మాగారము బొహీమియా దక్షిణమున చెస్కే బుడెయొవిట్సె పట్టణమునకు తరలెను. 1889లో పారిసు విశ్వప్రదర్శనమున వారు తమ మేలైన పెన్సిలునకు ప్రపంచమున సాటిలేని వజ్రము పేరు పెట్టి, పసుపురంగు పూసి చూపిరి. అప్పటినుండి పెన్సిలనగా పసుపురంగే యను భావము లోకమున పాదుకొన్నది.

ఆ వజ్రము ఎక్కడిది? కృష్ణానది ఒడ్డున, పల్నాటి సీమలో, కొల్లూరు గనులలో అది దొరకినదని పెక్కుమంది అభిప్రాయము. 1849లో పంజాబును జయించినపుడు ఆంగ్లేయులు దానిని కైవసము చేసికొనిరి. వజ్రము మనకు తిరిగి రాలేదు. దాని పేరు మాత్రము బొహీమియా పెన్సిలుపై కూర్చుండి, ఏ దేశపు పిల్లవాడైనను కొన్ని నాణెములకు కొనదగినంత చౌకయై లోకమంతట తిరుగుచున్నది. రెండును ఒక్క పదార్థమే యని, కర్బనమే యని పాఠ్యపుస్తకము చెప్పును: వజ్రము కర్బనము, పెన్సిలులోని గ్రాఫైటును కర్బనము. ఒకటి కిరీటమున బిగిసి వెలుగును. రెండవది అరిగిపోవుచు అక్షరమగును.

ప్రాగునుండి తిరిగివచ్చు ఉపాధ్యాయుని మూటలో గాజుపాత్రకు చోటులేకపోవచ్చును, గార్నెట్టునకు సొమ్ము చాలకపోవచ్చును. ఒక డజను పెన్సిళ్లకు చోటును, సొమ్మును రెండును ఉండును. తరగతిలో వానిని పంచునపుడు, చేతిలోనికి తీసికొన్న పిల్లవాడు దానిపైనున్న పేరు చదివి, ఇది మన వజ్రము పేరు కాదా యని అడుగును. ఆ ప్రశ్నతో పాఠము మొదలగును.